చూచుటయా? దర్శించుటయా?

తీర్థయాత్రకును విహారయాత్రకును భేదమేమి? ఈ ప్రశ్న పండితగోష్ఠులలో కంటె గృహస్థుల ఇండ్లలో, ప్రయాణమునకు ముందు మూటాముల్లె సర్దుకొను వేళ, ఎక్కువగ పుట్టుచుండును.

నెల్లూరు సీమలో, సముద్రతీరమునకు చేరువనున్న ఒక కుటుంబమువారు జమ్మలమడుగు ప్రయాణము సంకల్పించినారనుకొనుడు. పెన్న ఒడ్డున వెలసిన నారాపుర వేంకటేశ్వరస్వామికి ఇంటి పెద్దావిడ మ్రొక్కు కలదు. కుమారుడు కారు మాటలాడినాడు. త్రోవలో ఎచ్చట కొండలు బాగుండును, ఎచ్చట నది కనబడును, గండికోట లోయ ఏ వేళ చూడవలెను అని పిల్లలతో కూడి కాగితముపై వ్రాసికొనుచున్నాడు. అది చూచి తల్లి నొచ్చుకొన్నది. “నాయనా! స్వామి కొరకు పోవుచున్నామా, కొండల కొరకు పోవుచున్నామా? వేడుకలు చూచుకొనుచు పోయి, తలుపులు వేయు వేళకు గుడి చేరుట యాత్ర యగునా?” అన్నది. కుమారుడు, “అమ్మా! ఆ కొండలను చేసినవాడు ఆ స్వామియే గదా! వాని సృష్టిని చూచిన దోషమేమి?” అన్నాడు.

ఇద్దరి మాటలలోను సత్యము కలదు. అందుచేతనే విషయము విచారింపదగినది.

పూర్వులు కాలినడకను, ఎద్దుబండ్లపైనను యాత్రలు సాగించిరి. వారికి త్రోవయే సగము తపస్సు. ఎండ, దాహము, సత్రపు అన్నము, తోడివారి భజన, ఇవన్నియు మనస్సును కొంచెము కొంచెముగ పక్వము చేసెడివి. నేడు కృష్ణపట్టణపు రేవు నుండి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు వరకు జాతీయ రహదారి కలదు. ఉదయమున బయలుదేరినవారు ఆ దినముననే చేరగలరు. శరీరమునకు శ్రమ తగ్గినది, సంతోషమే. కాని శ్రమ చేయుచుండిన పనిని ఇప్పుడు ఏది చేయవలెను? మనస్సు తానే చేసికొనవలెను. తల్లి భయము ఇందులకే.

ఇక కుమారుని వాదము. గీతలో పదియవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను చెప్పుచు, జలాశయములలో తాను సాగరమని, ప్రవాహములలో గంగయని, కదలని వానిలో హిమాలయమని పలికినాడు. సముద్రము, నది, కొండ ఈ మూడును ఆ పట్టికలో కలవు. చేతనాచేతనములతో కూడిన జగత్తు భగవంతునకు శరీరమని భగవద్రామానుజుల సిద్ధాంతము. శరీరమును చూచి శరీరిని ప్రేమించుట అపరాధము కానేరదు. శరీరమును చూచి శరీరిని మరచుటయే అపరాధము.

ఈ భేదమును తెలుపు కథ కడప సీమలోనే కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు బాల్యమున తిరుమలకు ఒంటరిగ నడచిపోయిరి. కొండ ఎక్కుచు అలసి, ఆకలిగొని, ఒక వెదురుపొద నీడన పాదరక్షలతోనే నిద్రించిరి. అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపమున ప్రత్యక్షమై, ఈ కొండ సాలగ్రామమయము, పాదరక్షలు విడిచి చూడుమని చెప్పినదట. విడిచిన వెంటనే ఆ కొండ దివ్యముగ గోచరించినదని వారి మనుమడు చిన్నన్న రచించిన చరిత్రము తెలుపుచున్నది. కొండ మారలేదు, చూచువాని పాదములు మారినవి. విహారమునకు, యాత్రకు నడుమనున్నది ఆ పాదరక్షల మందము మాత్రమే. తోలుచెప్పులు విడుచుట సులభము. “ఇది నా కొరకే ఉన్నది, నేను అనుభవింతును, పోవుదును” అను భావమే విడువరాని చెప్పు.

ఆ భావమును విడిచి చూచినచో ఈ త్రోవ ఎట్లు కనబడును? నెల్లూరున తల్పగిరి రంగనాథుడు పెన్న ఒడ్డుననే శయనించియున్నాడు. పెన్న కర్ణాటకమున నందికొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు దాటి సముద్రమున కలియును. నది సముద్రమునకు పోవుచుండగా యాత్రికుడు సముద్రము నుండి నదికి ఎదురుగ పోవుచున్నాడు. తన పుట్టుకచోటును వెదకికొను జీవునకు ఇంతకంటె తగిన త్రోవ ఏది?

ఆత్మకూరు దాటిన పిమ్మట వెలికొండలు, వాని కావల సగిలేటి లోయలో బద్వేలు, మరల లంకమల అడవి. ఆ అడవి అంచున చిట్టడవి, ముండ్లపొదలు. చూచుటకేమియు లేదని పిల్లలు కన్నులు మూసికొను చోటు అది. కాని ఇక అంతరించినదని లోకము తలచిన కలివికోడి, 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, 1986లో ఈ లంకమల ప్రాంతముననే మరల కనబడినది. రాత్రివేళ మాత్రమే సంచరించు ఆ చిన్న పక్షిని ఇన్నేండ్లు కాపాడినది ఆ ముండ్లపొదలే. అందమైనదే చూడదగినదను తలంపునకు ఇది చక్కని సమాధానము. మన కన్నులకు సొగసుగ లేనిదియు భగవంతుని సంసారమున ఒక ప్రాణికి పుట్టిల్లు.

జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట కలదు. పెన్న ఎర్రమల కొండలను నిలువున చీల్చికొని పారుచుండగా, ఎర్రని బండల అంచున కోట నిలిచియున్నది. లోపల మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము కలవు. గోపురమున్నది, శిల్పము కలదు. గర్భాలయమున నేడు పూజలందుకొను మూర్తి లేదు. అచ్చట చాలమంది లోయకు వీపు త్రిప్పి, అంచున నిలిచి, తమ చిత్రములు తీసికొనుచుందురు. ప్రాణాపాయమను మాట అటుంచి, ఆ దృశ్యమున ఒక పాఠమున్నది. లోయ వెనుకకు పోయినది, మనిషి ముందుకు వచ్చినాడు. శూన్యమైన ఆ గర్భగుడి ముందు ఒక నిమిషము మౌనముగ నిలువగలవాడు విహారమునకు వచ్చినను యాత్రికుడే. నీళ్ళు త్రాగి సీసాను నదిలోనికి విసరువాడు మ్రొక్కు తీర్చుకొని వచ్చినను యాత్రికుడు కాడు. చేతులు, పాదములు, మనస్సు ఎవని అదుపున ఉండునో వానికే తీర్థఫలము దక్కునని భారతమున పులస్త్యుడు భీష్మునకు చెప్పినాడు. చేతులను మొదట పేర్కొనుటలో భావము ఇదియే.

జమ్మలమడుగునకు ఉత్తరమున, కుందేటి ఒడ్డున పెద్దముడియము అను గ్రామము కలదు. నల్లరేగడి పొలములు, శనగచేలు, చదునైన నేల. లోయ లేదు, జలపాతము లేదు. ప్రయాణపు పట్టికలో ఆ పేరు ఎవ్వరును వ్రాసికొనరు. కాని బ్రహ్మ, నరసింహుడు, శివలింగము, విష్ణువు మొదలగు దేవతలను ఒకే వరుసలో చెక్కిన అతి ప్రాచీనమైన చిన్న శిలాఫలకము ఈ ఊరనే దొరకినది. చరిత్రకారులు దీనిని శాసనములలోని ముడివేము అగ్రహారముగ గుర్తించిరి.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో ఒక గాథ కలదు. అయోధ్య నుండి దక్షిణమునకు దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో పోరి మరణించెను. గర్భవతియైన రాణి పురోహితునితోను, వృద్ధమంత్రులతోను ముడివేము చేరినది. ఆ అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురువలె కాపాడెను. అచ్చటనే విష్ణువర్ధనుడు జన్మించెను. ఇది చరిత్రయా, వంశగాథయా అని పండితులు చర్చింతురు గాక. ఒక రాజవంశము తన పుట్టుకను చెప్పుకొనవలసి వచ్చినపుడు జయించిన కోటను గాక, ఆశ్రయమిచ్చిన ఇంటిని తలచుకొన్నదను మాట మాత్రము సత్యము.

ఆ రాణి ఏ ఏర్పాటును చేసికొని బయలుదేరలేదు. ఏ కొండ అందమును చూడలేదు. ఆమెకు కావలసినది తలుపు తెరచు ఒక గృహస్థు. సోమయాజి ఆ దినమున ఎచ్చటికిని పోలేదు. ఇంట కూర్చుండియే తీర్థమైనాడు. తీర్థయాత్ర ముగించి వచ్చిన విదురునితో ధర్మరాజు, మీవంటి భాగవతులే తీర్థములను తీర్థములుగ చేయుదురని పలికిన మాటకు ఇది నిదర్శనము.

ఇప్పుడు తల్లి ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. కొండలను చూచుట తప్పు కాదు. చూచుటతో ఆగిపోవుట తప్పు. స్వామి తలుపులు వేయు వేళను ముందుగ తెలిసికొని, ఆ వేళకు లోబడి తక్కిన ప్రయాణమును అమర్చుకొనుట కుమారుని ధర్మము. పిల్లల ఆనందమును చాపల్యమని త్రోసివేయక, అందు స్వామి పేరును చేర్చుట తల్లి ధర్మము. వీరిద్దరికిని మించిన పరీక్ష వేరొకటి కలదు. తెల్లవారుజాము నుండి కారు నడుపుచున్న మనిషి భోజనము చేసెనా? గుడి మెట్లు ఎక్కలేక నిలిచిన పరాయి వృద్ధునకు ఎవరైన చేయి అందించిరా? తిరిగి వచ్చిన పిమ్మట, వేళకాని వేళ తమ గడప త్రొక్కిన వానికి ఆ ఇంటివారు తలుపు తెరచెదరా?

తెరచినచో ఆ ప్రయాణము తీర్థయాత్రయే. పెన్న ఒడ్డున వారు దర్శించిన శ్రీనివాసుడు వారితో కూడ ఇంటికి వచ్చినాడనియే గ్రహింపదగును.