హెబ్రోను దారిలో కన్నీరు

ధ్యానభాగము: 2 సమూయేలు 2 నుండి 5 అధ్యాయములు



కొల్లాపూరునకు దగ్గరనున్న సోమశిల రేవున నిలిచి చూచిన యెడల కృష్ణానది మన కన్నులయెదుట వెడల్పుగా పారుచుండును. ఈ ఒడ్డున తెలుగే, ఆ ఒడ్డున తెలుగే. ఈ ఊళ్ల పిల్లలను ఆ ఊళ్లకిచ్చిరి, ఆ ఊళ్ల పిల్లలను ఇక్కడికి తెచ్చుకొనిరి. అయినను 1947 ఆగస్టు 15వ తేదీ మొదలు పదుమూడు నెలలపాటు ఈ నీరే రెండు రాజ్యముల నడుమ ఎల్లయై యుండెను. ఆవల స్వతంత్ర భారతము, ఈవల నిజాము ఏలుబడి. ప్రాణభయముచేత నది దాటిపోయిన వారును కలరు.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి చోటు ఒకటి కలదు. అది గిబియోను కొలను. సౌలు మరణించిన తరువాత దేశము రెండుగా చీలెను. యూదావారు హెబ్రోనులో దావీదును అభిషేకించిరి. తక్కిన గోత్రములకు అబ్నేరు సౌలు కుమారుడైన ఇష్బోషెతును మహనయీములో రాజుగా నిలిపెను. ఇరుపక్షముల వారును గిబియోను కొలనుకు వచ్చి, ఒకరు ఈ దరిని, ఒకరు ఆ దరిని కూర్చుండిరి. వారు అన్యజనులు కారు. ఒక్క అబ్రాహాము పిల్లలే. అక్కడ మొదలైన యుద్ధము బహుకాలము సాగెను. ఆ యుద్ధము ఏయే చోట్ల మలుపు తిరిగెనో, మన ప్రాంతపు కథను ప్రక్కన పెట్టుకొని, ఈ నెల ధ్యానింతము.

మొదటి మలుపు: ఆట యుద్ధమైనది. పడుచువారు లేచి మనయెదుట బలము చూపుదురు గాక అని అబ్నేరు అడిగెను, యోవాబు ఒప్పుకొనెను. ఇటు పన్నెండుగురు, అటు పన్నెండుగురు లేచిరి. ఇరువది నలుగురును ఒక్క గడియలో కూలిరి. సాయంత్రమునకు యోవాబు తమ్ముడైన అశాహేలు కూడ చచ్చెను. దావీదువారిలో ఇరువదిమంది, అబ్నేరువారిలో మూడువందల అరువదిమంది పోయిరి. పెద్దలు కూర్చుండి చూచిరి, చిన్నవారు చచ్చిరి.

మన ప్రాంతమందు రక్తము ఊరకే పారలేదు. వెట్టిచాకిరి ఉండెను. దేశ్‌ముఖుల గడీలుండెను. దున్నినవానికి భూమి లేదు, పండించినవానికి గింజ లేదు. 1946 జూలై 4న నల్లగొండ జిల్లా కడవెండిలో ఊరివారు ఊరేగింపుగా పోవుచుండగా విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమరయ్య అను యువకుడు నేలకొరిగెను. ఆ దినమునుండి కర్రలు పట్టిన చేతులు తుపాకులు పట్టెను. బీదల మొఱ్ఱ ప్రభువు చెవిని పడదని మనము చెప్పజాలము. కూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు భక్తుడు తన పత్రిక అయిదవ అధ్యాయములో కఠినముగా వ్రాసెను. గిబియోనులో కారణము లేకయే కత్తి లేచెను, కడవెండిలో కారణముండి లేచెను. అయితే ఒకసారి లేచిన కత్తి తన కారణమును జ్ఞాపకముంచుకొనదు. ఈ మాట రెండు చోట్లను నిజమాయెను.

రెండవ మలుపు: గెలుపు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యములో ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. రజాకార్ల దౌర్జన్యము ఆగెను. జనులు సంతోషించిరి, అది తగిన సంతోషమే. అయినను అంతటితో కత్తి ఒరలోనికి పోయెనా? లేదు. సైన్యము వెంబడి వచ్చిన దినములలో, మరి ముఖ్యముగా రాజ్యపు పడమటి జిల్లాలలో, నేరమెరుగని ముస్లిములు అనేకులు చంపబడిరి. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము ఆ ఊళ్లు తిరిగి, ఇరువది ఏడువేల నుండి నలువదివేల మంది చచ్చి యుందురని అంచనా వేసెను. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. రజాకారు చేసిన పాపమునకు అతని పొరుగు సాయిబు చెల్లించెను. యోవాబు లెక్క ఇదే: నా తమ్ముని రక్తమునకు వారిలో ఒకని రక్తము.

మరియు ఊళ్లలో పోరు ముగియలేదు. నేలకొరకు పోరాడిన దళములు అడవులకు పోయెను. మన నల్లమల కూడ వారికి దాగుచోటాయెను. మరి మూడేండ్లు గడిచెను. పగలు పోలీసులు వచ్చి, రాత్రి అన్నము పెట్టినది ఎవరని కొట్టుచుండిరి. రాత్రి దళమువారు వచ్చి, పగలు మాట చెప్పినది ఎవరని అడుగుచుండిరి. నడుమ నలిగినది బీదవాడు. ఈ పోరాటములో నాలుగువేల మంది కమ్యూనిస్టులును రైతులును చనిపోయిరని దాని నాయకుడైన పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. అవతలి పక్షమున చచ్చినవారికిని తల్లులున్నారు.

మూడవ మలుపు: చేయి వెనుకకు తీసికొనుట. గిబియోను దినమున సూర్యుడు అస్తమించునప్పుడు అబ్నేరు ఒక కొండపై నిలిచి, ఈ కత్తి ఎంతవరకు, దీని అంతము చేదని నీవెరుగవా అని యోవాబును కేకవేసి అడిగెను. యోవాబు బాకా ఊదెను, జనులు నిలిచిరి. అడిగినవాడు నీతిమంతుడు కాడు, ఆ యుద్ధమునకు పిలిచినవాడు అతడే. అయినను ప్రశ్న సరియైనది గనుక ఆ రాత్రి కొందరు బ్రదికిరి.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకను నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చెను. హరిజన కుటుంబములవారు ఎనుబది ఎకరములు కావలెనని అడిగిరి. ఆయన ప్రభుత్వమునకు వ్రాయుటకంటె ముందుగా అక్కడ కూడిన ఊరివారినే అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరములు ఇచ్చెదననెను. ఆ అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించెను. 1952 ఎన్నికలలో ఆ పోరాటపు నాయకుడైన రావి నారాయణరెడ్డి నల్లగొండనుండి నెహ్రూకంటె ఎక్కువ ఓట్లతో గెలిచెను. తుపాకి పోయిన చోటికి ఓటు పెట్టె వచ్చెను. పోచంపల్లి అంతయు బాగుచేసెనని మనము చెప్పము. భూదానములో వచ్చిన నేలంతయు బీదల చేతికి చేరలేదు. అయినను అడిగినంతకంటె ఎక్కువ ఇచ్చిన ఆ దినము చిన్నది కాదు.

నాలుగవ మలుపు: శత్రువు కొరకు ఏడ్చిన రాజు. ప్రియులారా, ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. అబ్నేరు ఇష్బోషెతుతో తగవుపడి దావీదుతో సమాధానపడెను. సమాధానముగా తిరిగిపోవుచున్న అతనిని యోవాబు హెబ్రోను గుమ్మములోనికి తీసికొనిపోయి, రహస్యమాడువానివలె దగ్గరకు చేరి పొడిచి చంపెను. దేశము మరల మండవలసిన గడియ అది. అప్పుడు దావీదు ఏమి చేసెను? బట్టలు చింపుకొని, యోవాబునుకూడ గోనెపట్ట కట్టుకొమ్మని, తానే పాడె వెంట నడిచి, సమాధియొద్ద ఎలుగెత్తి యేడ్చెను. పొద్దుగూకువరకు భోజనము ముట్టలేదు. జనులందరు అది చూచిరి. ఆ హత్య రాజు చేయించినది కాదని ఇశ్రాయేలంతయు గ్రహించెను. తరువాత ఇద్దరు దుర్మార్గులు ఇష్బోషెతు తలను బహుమానము కొరకు తెచ్చిరి. ఆ మేలును దావీదు ఒల్లలేదు. వారిని దండించి, ఆ తలను అబ్నేరు సమాధిలో గౌరవముగా పాతిపెట్టించెను.

ఆ మీదట గోత్రములన్నియు హెబ్రోనుకు వచ్చి, మేము నీ ఎముకయు మాంసమునై యున్నామని చెప్పి నిబంధన చేసికొనెను. దావీదు హెబ్రోనులో ఏడేండ్ల ఆరునెలలు కనిపెట్టెను. ఆ రాజ్యమును కలిపినది యోవాబు కత్తి మాత్రమే కాదు, దావీదు కన్నీరు.

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో సువార్త ప్రకటించిన వారిలో మెన్నోనైటు బ్రదరన్ మిషనరీలు కలరు. వారి పితరులు ప్రభువు మాటనుబట్టి కత్తి పట్టుటకు ఒల్లక, దేశములు విడిచి తిరిగినవారు. ఆ విత్తనము మన నేలలో పడినది. ఫలమెక్కడ?

మన ఊళ్లలో యుద్ధము లేదు. 2014 జూన్ 2న రాష్ట్రము మరల రెండైనప్పుడును నదికి ఇరుప్రక్కల సైన్యములు నిలువలేదు. దేవునికి స్తోత్రము. అయితే మన సంఘములలో గిబియోను కొలనులు ఎన్ని యున్నవి! గెట్టు తగవుచేత అన్నదమ్ములు మాటలాడరు. పంచాయతి ఎన్నికలలో విడిపోయినవారు ఒకరి పెండ్లికి ఒకరు పోరు. తాత దెబ్బలు తిన్న కథను మనుమనికి చెప్పి, ఫలాని ఇంటివాడని వేలు చూపుదుము. మాలవారని, మాదిగవారని ప్రార్థన గదిలోనే ఒకరు ఈ దరిని, ఒకరు ఆ దరిని కూర్చుందుము. ఇట్లుండియే రొట్టె విరుతుము, పాత్ర అందుకొందుము.

మన రాజైన క్రీస్తు దావీదుకంటె గొప్పవాడు. దావీదు శత్రువు పాడె వెంట నడిచెను. మన ప్రభువు శత్రువులకొరకు తానే సిలువ మోసెను. నడుమనున్న గోడను తన శరీరమందు పడగొట్టెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. ఆయన పడగొట్టినదానిని మనము మరల మట్టి మెత్తి కట్టుచున్నామా?

కావున వచ్చే నెల ప్రభువు బల్లకు ముందుగా ఒక్క పని చేయుదము. మనము అడుగుపెట్టని ఇల్లు ఏదో మనకు తెలియును. ఆ ఇంట జబ్బుగా నున్నవారిని పలుకరింతము. చావు జరిగిన యెడల పాడె వెంట నడుతము. న్యాయము వారిదా మనదా అని ఆ దినమున అడుగకుందము. గెట్టు తగవు ఉన్నయెడల, అడిగినదానికంటె ఒక చాలు ఎక్కువ విడుతము. ఎవరు ముందు పోవలెనని మనస్సు ప్రశ్నించును. బాకా ఎవడు ఊదగలడో వాడే ఊదవలెను.

సమాధానకర్తయగు దేవుడు మన ఇండ్లను, మన సంఘములను, ఈ నదికి ఇరుదరులనున్న మన జనమును ఒక్కటిగా కాపాడును గాక. ఆమేన్.