సిపాయి వీరత్వం ఎవరి సొత్తు?

సిపాయిని గౌరవించాలా అని అడిగితే మన దేశంలో కాదనేవారు చాలా తక్కువ. సిపాయిలో దేన్ని గౌరవించాలి అని అడిగితే మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పగలవారు అంతకంటే తక్కువ. అతని ధైర్యాన్నా? విధేయతనా? మరణాన్నా? ఈ మూడూ ఒకటి కావు. మూడింటికీ కలిపి ఒకే దండ వేసి ఊరుకోవడం వల్లనే ఈ విషయంలో ఇంత అయోమయం ఏర్పడిందని నా అభిప్రాయం.

ఇప్పుడు చలామణిలో ఉన్న సమాధానాలు రెండు. ప్రభుత్వ వేదికలమీద వినిపించేది మొదటిది. సిపాయి దేశంకోసం ప్రాణమిచ్చాడు, ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని అడగడమే అతనికి అవమానం అంటుంది అది. మనలో కొందరు మిత్రులు చెప్పేది రెండవది. సైన్యం పాలకవర్గాల చేతి ఆయుధం, సిపాయి జీతానికి అమ్ముడుపోయిన మనిషి, అతనిలో గౌరవించవలసిందేమీ లేదు అంటుంది ఇది. పైకి ఈ రెండు వాదాలకూ పొత్తు లేనట్టే కనిపిస్తుంది. కాని లోతుకు పోయి చూస్తే రెండూ ఒక్క విషయంలో ఏకీభవిస్తున్నాయి. సిపాయికి సొంత బుద్ధి లేదన్నదే ఆ విషయం. మొదటివారు అతన్ని విగ్రహం చేస్తారు. రెండవవారు పనిముట్టు చేస్తారు. సిపాయి ఆలోచించగల మనిషి అన్న సంగతినుంచి బయలుదేరితే తప్ప ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు.

ముందుగా ధైర్యం సంగతి. దీన్ని చులకన చేసేవారితో నేను ఏకీభవించలేను. 1962 నవంబరు 18న లడాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర 13వ కుమావూ పటాలానికి చెందిన ఒక కంపెనీ చైనా దాడిని ఎదుర్కొన్నది. 16,000 అడుగులకు పైబడిన ఎత్తు. చలికి తగిన దుస్తులు చాలవు. మధ్య కొండ అడ్డం ఉన్నందువల్ల వెనకనుంచి మన ఫిరంగుల సహాయం అందే వీలు లేదు. సుమారు 120 మందిలో నూటికి పైగా, నాయకుడు మేజర్ షైతాన్ సింగ్‌తో సహా, అక్కడే నేలకొరిగారు. మరుసటి ఏడు వెతకబోయినవారికి కొందరి శవాలు తుపాకులు పట్టుకున్నవి పట్టుకున్నట్టే మంచులో గడ్డకట్టి కనిపించాయి. వీరిలో అత్యధికులు నేటి హర్యానా ప్రాంతపు రైతుల బిడ్డలు. ఆ యుద్ధానికి దారితీసిన విధానాలమీద ఎన్ని విమర్శలైనా చేయవచ్చు. ఆ విమర్శలేవీ ఆ కనుమలో నిలబడినవారి గుండెనిబ్బరాన్ని వెంట్రుకవాసి కూడా తగ్గించవు. పక్కనున్నవాణ్ణి వదిలి పారిపోకపోవడం మనిషి గుణాల్లో గొప్పది. సమ్మెలో కార్మికుణ్ణి నిలబెట్టేదీ ఆ గుణమే.

అయితే ధైర్యం తనంతట తానే మంచిదవుతుందా? నిప్పు పొయ్యిలో ఉన్నా నిప్పే, చూరుమీద ఉన్నా నిప్పే. దాని వేడిని కాదనలేము. అలాగని అది ఎక్కడుందో చూడకుండా దణ్ణమూ పెట్టలేము. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ హుకుం మీద 1,650 తూటాలు పేల్చినవారు భారత సైన్యంలోని సిపాయిలే. సర్కారు ఒప్పుకున్న లెక్క ప్రకారమే అక్కడ చనిపోయినవారు 379 మంది. ఆ సిపాయిల క్రమశిక్షణలో లోపమేమీ లేదు. విధేయతే వీరత్వమైతే వారి పేర్లనూ స్తంభంమీద చెక్కాలి. అందుకు ఎవరి చెయ్యీ రాదు. అంటే విధేయత వేరు, వీరత్వం వేరు అని మనకు లోలోపల తెలుసునన్నమాట. పైకి ఒప్పుకోవడానికే జంకుతున్నాం.

ఇక చరిత్ర. సిపాయి చరిత్రలో తెలుగువారికి ఒక విచిత్రమైన స్థానం ఉంది. కంపెనీ సిపాయిలను ఉత్తరదేశంలో చాలాకాలం “తిలంగాలు” అని పిలిచేవారు. ప్లాసీ యుద్ధకాలంలో క్లైవు మద్రాసునుంచి వంగదేశానికి వెంటబెట్టుకు పోయిన సిపాయిల మూలంగా మన ప్రాంతపు పేరు పరాయి కొలువులోని సిపాయికి మారుపేరైంది. ఇది గర్వకారణమా, సిగ్గుచేటా అని తగవులాడుకోవడం అనవసరం. పంట ఎండినా శిస్తు తప్పని రోజుల్లో నెలనెలా చేతికందే జీతం మనుషుల్ని పటాలంలోకి లాగింది. ఆకలి చేసిన పనిని దేశభక్తి అనీ అనలేము, ద్రోహమనీ అనలేము. కాని అదే తెలుగు తీరాన మరొకటి కూడా జరిగింది. 1780 అక్టోబరులో, హైదరాలీతో యుద్ధానికి మద్రాసు పోయే ఓడ ఎక్కమని విశాఖపట్నంలోని సిపాయిలకు హుకుం వచ్చింది. వారు ఎక్కమన్నారు, తిరగబడ్డారు. 1806 నాటి వెల్లూరు తిరుగుబాటుకు ఇరవై ఆరేళ్ళు, 1857కు డెబ్బై ఏడేళ్ళు ముందటి సంగతి ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఎన్ని వాక్యాలు కేటాయించారో ఉపాధ్యాయ మిత్రులే చెప్పాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సిపాయిలుగా, కూలీలుగా సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74,000 మంది తిరిగిరాలేదు. వారు ఫ్రాన్సునుంచి రాసుకున్న ఉత్తరాలను సెన్సారువారు అనువదించి దాచబట్టి నేడు మనం చదవగలుగుతున్నాం. ఆ సెన్సారు కన్నుగప్పడానికి, నల్ల మిరియాలంటే మనదేశపు సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు అని సంకేతం పెట్టుకొని, నల్లవి అయిపోతున్నాయని ఇంటికి తెలియజేసినవారున్నారు. తమను ఎవరు, ఎందుకు ఖర్చు చేస్తున్నారో వారికి తెలియదని ఎవరనగలరు? ఆ యుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయినవారికి 1929లో బస్రా దగ్గర స్మారకం కట్టారు. తెల్లవారి పేర్లు చెక్కారు, మనవారిలో అధికారుల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిల విషయంలో మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఈ అన్యాయాన్ని కామన్వెల్తు యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. పంపేటప్పుడు తలలు లెక్కపెట్టినవారు పోయిన తరువాత కూడా తలలే లెక్కపెట్టారు.

సిపాయిని అతని యజమానినుంచి వేరుచేసి చూడడం మనకు నేర్పినవాడు, సిపాయిలతో పోరాడినవాడే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులను కాల్చింది. ఆ సిపాయిలు తనమీదికి వస్తున్నవారే, చేతుల్లో తుపాకులున్నవారే. అయినా తుపాకి పట్టినవాడు వేరు, పట్టించినవాడు వేరు అన్న వివేకం అతనికి ఆ క్షణంలోనూ చెడలేదు. సిపాయి అంతా ఒకటే అనే మన మిత్రులు ఈ సంఘటనను మరొకసారి ఆలోచించాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తున్నాను. 1930 ఏప్రిల్ 23న పెషావరులో, కిస్సాఖ్వానీ బజారులో, పఠాన్ సత్యాగ్రహులమీద కాల్పులు జరుగుతున్న రోజున, గఢ్వాల్ రైఫిల్స్ పటాలంలోని సిపాయిలు కొందరు ఆయుధం లేనివారిమీద తుపాకి పేల్చబోమన్నారు. వారి ముందున్నవాడు చంద్రసింగ్ గఢ్వాలీ. కాల్చమన్నవారు తెల్లవారు, ఎదుట ఉన్నవారు ముస్లిములు, కాల్చనన్నవారు హిందువులు. కోర్టుమార్షల్ పదిహేడుమందికి శిక్షలు వేసింది. చంద్రసింగుకు పడింది యావజ్జీవ శిక్ష. 1941లోగాని అతను బయటికి రాలేదు. ఇదే గఢ్వాల్ పటాలానికి చెందిన గబర్ సింగ్ నేగీ 1915లో ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ దగ్గర పోరాడి మరణించి విక్టోరియా క్రాసు పొందాడు. చంద్రసింగు కూడా ఆ యుద్ధంలో ఫ్రాన్సులో, మెసపొటేమియాలో పనిచేసినవాడే. చావంటే భయం ఎరుగనివాడు పెషావరులో కొత్తగా పిరికివాడు కాలేదు. పొగ మధ్య పదిమందితో కలిసి ముందుకు దూకడానికి ఒక ధైర్యం కావాలి. పదిమంది చూస్తుండగా ఒంటరిగా తుపాకి దించడానికి ఇంకొక ధైర్యం కావాలి. మొదటిదానికి పతకం ఉంది, రెండవదానికి జైలు ఉంది.

ఈ నిరాకరణను గాంధీజీ మెచ్చలేదు. ఒక ఫ్రెంచి పత్రికా రచయిత అడిగినప్పుడు, కాల్చనన్న సిపాయి తన ప్రమాణాన్ని భంగపరిచాడనే ఆయన అన్నారు. రేపు తాను అధికారంలోకి వస్తే ఈ సిపాయిలనే ఉపయోగించుకోవలసి వస్తుందనీ, నేడు అవిధేయత నేర్పితే రేపు తనకూ వారు అవిధేయులు కావచ్చుననీ ఆయన వాదం. దీన్ని ఎగతాళి చేసి తప్పించుకోవడం తేలిక. కాని ఇందులో నిజమైన ప్రశ్న ఉంది. ప్రతి ఉత్తర్వుకూ ప్రతివాడూ అర్థం అడిగితే ఏ సైన్యమూ నడవదు. నడవని సైన్యం ప్రజలనూ రక్షించలేదు.

నా సమాధానం ఇది. ప్రమాణం గాలిలో చేసేది కాదు, ఒక పనికోసం చేసేది. సిపాయి ప్రమాణానికి ప్రజల రక్షణ అన్న అర్థం ఉంటేనే దానికి నైతిక బలం. ఆ ప్రజలమీదికే, ఆయుధం లేని ప్రజలమీదికే, తుపాకి తిప్పమన్ననాడు ప్రమాణాన్ని భంగపరిచినవాడు హుకుం ఇచ్చినవాడు, సిపాయి కాదు. పై అధికారి చెప్పాడన్నది నేరానికి సాకు కాజాలదని 1945-46లో న్యూరెంబర్గు విచారణ లోకానికి చాటింది. పెషావరు సిపాయిలు ఆ మాటను పదిహేనేళ్ళు ముందుగా ఆచరించి చూపారు. పైగా వారు అధికారులను చంపలేదు, పారిపోలేదు, శిక్షను తలవంచి అనుభవించారు. ఇది క్రమశిక్షణ నశించడం కాదు. దాని గమ్యం ఏదో వారు గుర్తుచేసుకున్నారు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ కేంద్రంలోని నావికులు సమ్మె కట్టారు. చెడ్డ తిండితో, తెల్ల అధికారుల తిట్లతో మొదలైన అసంతృప్తి, ఇండోనేషియానుంచి భారత సైన్యాలను వెనక్కి పిలవాలనేదాకా విస్తరించింది. తాము బానిసలుగా ఉంటూ మరొకరిని బానిసలుగా ఉంచడానికి పోరాడమన్నారు వారు. బొంబాయి కార్మికులు వారి పక్షాన వీధుల్లోకి వచ్చి తూటాలకు గురయ్యారు. కాంగ్రెసు, లీగు నాయకులు లొంగిపొమ్మని సలహా ఇచ్చారు. ఆగస్టు 15 వచ్చింది. తొలగించిన ఆ నావికులను మాత్రం స్వతంత్ర భారత నౌకాదళం తిరిగి తీసుకోలేదు. ఆజాద్ హింద్ ఫౌజువారి విషయంలోనూ సైన్యం తలుపు తెరుచుకోలేదు. 2022లో ఢిల్లీలో ఇండియా గేటు పక్కన, ఒకనాడు అయిదవ జార్జి నిలబడిన మండపంలోనే, సుభాస్ బోసు విగ్రహం నిలబెట్టారు. సంతోషమే. కాని నాయకుడికి మండపం దొరకడానికీ, అనుచరుడికి కొలువు దొరకకపోవడానికీ మధ్యనున్న దూరాన్ని కూడా విద్యార్థులు తెలుసుకోవాలి.

ఇవన్నీ పరాయి పాలననాటి సంగతులు, ఇప్పుడు సైన్యం మనదే గదా అని అడగవచ్చు. మనదే, అందుకే మరింత అడగవలసి ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదులోకి వచ్చిన సైన్యం నిజాం పాలనను, రజాకార్ల దౌర్జన్యాన్ని అంతం చేసింది. ఆ సిపాయిలకు ప్రజలు స్వాగతం చెప్పారు, అది న్యాయమే. ఆ తరువాత 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేవరకూ అదే సైన్యాన్ని తెలంగాణ రైతుదళాలమీద ప్రయోగించారు. ఆ మూడేళ్ళలో సిపాయి మారలేదు, అతని తుపాకి మారలేదు. మారింది దాని గురి. ఆ గురిని నిర్ణయించినవారు బారకాసుల్లో లేరు.

సిపాయిని అన్నిటికంటే ఎక్కువ పొగుడుతున్న ఈ కాలంలో అతనితో వ్యవహారం ఎలా ఉంది? 2015లో సమాన హోదాకు సమాన పింఛను కావాలని మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర కూర్చుంటే, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు వారిని పోలీసులు పక్కకు లాగారు. 2022లో నాలుగేళ్ళ కొలువు పద్ధతి వచ్చింది. గడువు తీరాక నూటికి ఇరవై అయిదుగురిని మించి ఉంచుకోరు. మిగిలినవారికి పింఛను లేదు. ఆ జూన్ 17న సికిందరాబాదు రైలుస్టేషనులో ఆందోళన చేసిన యువకులు సైన్యంలో చేరడానికి ఏళ్ళ తరబడి పరుగులు తీసినవారు. స్టేషనులో విధ్వంసం జరిగింది, కాల్పులూ జరిగాయి. సిపాయి కావాలనుకున్న ఒక కుర్రవాడు సొంత రాష్ట్రంలోనే తూటాకు పోయాడు. అతని పేరు ఏ స్మారకంమీద చెక్కుతారు?

కనుక సిపాయిని గౌరవించడమంటే అతన్ని పంపినవారిని గౌరవించడం కాదు. అతను మనిషి అని గుర్తించడం. ఆ గుర్తింపులో రెజాంగ్ లాలో నిలబడినవాడూ ఉంటాడు, పెషావరులో తుపాకి దించినవాడూ ఉంటాడు. బస్రాలో అంకెగా మిగిలినవాడి పేరు వెతకడమూ ఉంటుంది. జలియన్‌వాలాబాగ్‌లో కాల్చినవాణ్ణి కూడా ఈ చరిత్రనుంచి తప్పించకూడదు. అతన్ని మరిచిపోతే మనిషిని తుపాకిగా మార్చే విద్య ఎలా పనిచేస్తుందో మనకు తెలియకుండా పోతుంది.

ఈ పని ప్రభుత్వోత్సవాలవల్ల కాదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడిన ఊరుంది. అటువంటి ఊళ్ళు, సిపాయిలను పంపిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఏ ఏట ఎవరు వెళ్ళారు, ఏ కరువులో వెళ్ళారు, ఇంటికి ఏమి రాశారు, తిరిగివచ్చాక ఏమి చెప్పారు, వితంతువుకు పింఛను ఎంత వచ్చింది అన్నవి ఇంటింటా అడిగి రాసిపెట్టవలసినవారు మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ. 1780 విశాఖపట్నాన్నీ 1930 పెషావరునూ తరగతి గదిలో చెప్పవలసినవారూ వారే. చనిపోయిన సిపాయికోసం రెండు నిమిషాలు మౌనం పాటించడం మంచి సంప్రదాయమే. మూడో నిమిషాన అతన్ని ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని నోరు తెరిచి అడగడం కూడా అతనికి మనం చెల్లించవలసిన బాకీలో భాగమే.