నిద్రలో జరిగిన హింసకు కర్త ఎవరు?

చీమను త్రొక్కకుండ చూచి అడుగు వేయువాడు, నీరు వడగట్టి త్రాగువాడు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అన్నము ముట్టనివాడు - అట్టి శ్రావకుడు అర్ధరాత్రివేళ నిద్రలో పిడికిలి బిగించి ప్రక్కనున్న భార్యను కొట్టినచో, ఆ పద్దు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? ఇది హాస్యమునకు వేసిన ప్రశ్న కాదు. ఇట్టిది కొన్ని ఇండ్లలో నిజముగా జరుగుచున్నది. జరిగిన ఇంటివారు సిగ్గుచేత బయటికి పొక్కనీయరు. అందుచేతనే దీనిని గూర్చి ఆలోచించుట అవసరము.

చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూరునకు చేరువనున్న విసాపూర్ వంటి ఊరిని పాఠకులు తలచుకొందురు గాక. బొగ్గు గనులు, కాగితపు మిల్లు గల ఆ ప్రాంతమునకు తెలుగువారు బ్రతుకుదెరువుకై పోయి స్థిరపడినారు. అక్కడ యాబదియైదేండ్ల కిరాణా వర్తకుడొకడు ఉన్నాడనుకొందురు గాక. శాంతుడు. కొట్టులో గుమాస్తాను గట్టిగా కసరి ఎరుగడు. ఆఖాడాలో అడుగు పెట్టలేదు, కర్రసాము నేర్వలేదు. సమీపమునగల సైనిక పాఠశాల పిల్లలు కసరత్తు చేయుచుండగా దారిన పోవుచు చూచుటయే తప్ప, యుద్ధవిద్యతో అతనికి ఎట్టి సంబంధమును లేదు.

అట్టివానికి తెల్లవారుజామున ఒక కల వచ్చును. దొంగలు ఇంట జొరబడి ఇల్లాలిపై చేయి వేయబోవుచున్నట్లు కనబడును. అతడు మల్లుని వలె చేతులు అడ్డు పెట్టును, ముష్టిఘాతములు విసరును, కాలెత్తి తన్నును, తుదకు మంచము మీదినుండి క్రింద పడును. కన్ను తెరచి చూచునప్పటికి దొంగలు లేరు. భార్య చెంప కమిలి యున్నది. ఎవరిని కాపాడవలెనని కొట్టెనో ఆమెకే దెబ్బ తగిలినది.

తెల్లవారిన పిమ్మట కోడలు అడుగును: "అత్తయ్యా, చెంప మీద ఆ మచ్చ ఏమిటండీ?" "చీకట్లో తలుపు తగిలిందమ్మా" అని ఆ ఇల్లాలు మాట దాటవేయును. వర్తకుడు తలవంచుకొని కొట్టునకు పోవును, ఆనాడు ఉపవసించును. "నా లోపల ఇంత క్రూరత్వము దాగి యున్నదా? ఇన్నేండ్ల వ్రతము వట్టి వేషమేనా?" అని కుములును. పది దినములకు మరల అదే జరుగును. మరల తలుపు మీదనే నేరము పడును.

ఇతనిని ఊహించుకొన్నను, ఇతని వ్యాధి మాత్రము ఊహ కాదు. మనుష్యునికి కల వచ్చు నిద్రావస్థలో కనుగ్రుడ్లు వేగముగా కదలుచుండును; కాళ్లు చేతులు మాత్రము పట్టు విడిచి కదలక యుండును. మెదడు క్రిందిభాగమున ఇందుకై ఒక ఏర్పాటు కలదు. కలలో పరుగెత్తువాడు మంచము మీద పరుగెత్తకుండుటకు అదియే కారణము. ఆ ఏర్పాటు చెడినచో కలలోని పోరు కండరములలోనికి వచ్చును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మిషెల్ జువే పిల్లుల మెదడులో ఆ భాగమును దెబ్బతీయగా, అవి నిద్రలోనే లేచి లేని శత్రువుపై లంఘించినవి. మూగజీవులను బాధించి సంపాదించిన జ్ఞానము గనుక అహింసావ్రతులకు ఇది వినసొంపైన సంగతి కాదు. అయినను జరిగినది జరిగినట్లు చెప్పవలెను. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున షెంక్, మహోవాల్డ్ అను వైద్యులు 1986లో ఈ వ్యాధి మనుష్యులలోను కలదని నిరూపించి ప్రకటించినారు. వైద్యుల వద్దకు వచ్చువారిలో యాబది ఏండ్లు దాటిన పురుషులే ఎక్కువ. వారి కలలలో ఎవరో తమ మీదికి వచ్చుచుండుట, తాము ఎదుర్కొనుట తరచుగా కనబడును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. ఈ రోగుల కలలలో కొట్లాట ఎక్కువైనను పగటివేళ వారి స్వభావములో ఇతరులకంటె ఎక్కువ కోపము లేదని 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. కావున పైన చెప్పిన వర్తకుని మొదటి భయము నిరాధారము. కలలోని ముష్టిఘాతము అతని దాచిన గుణమునకు సాక్ష్యము కాదు.

వైద్యుడు ఇట్లు చెప్పినంత మాత్రమున ధర్మప్రశ్న తీరదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో హింసకు చెప్పిన లక్షణములో రెండు అంశములు కలవు. ప్రాణికి హాని కలుగుట ఒకటి. ఆ హాని ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో కూడిన ప్రవృత్తి వలన కలుగుట రెండవది. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంబంధము చెప్పబడు కుందకుందాచార్యులు ప్రవచనసారములో దీనినే మరింత స్పష్టము చేసినారు. జీవి చచ్చినను చావకున్నను జాగ్రత్త లేనివానికి హింసాదోషము నిశ్చయము. జాగ్రత్తతో నడచువానికి కేవలము జరిగిన హాని చేత బంధము లేదు అని ఆ ఉపదేశపు సారము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. నిద్ర కూడ ప్రమాదములలో ఒకటిగా లెక్కింపబడినది గదా! మద్యము, విషయము, కషాయము, నిద్ర, వికథ అని అయిదింటిని పెద్దలు చెప్పుదురు. అంతేకాదు, దర్శనావరణీయ కర్మ యొక్క తొమ్మిది భేదములలో అయిదు నిద్రకు చెందినవే. వానిలో చివరిది స్త్యానగృద్ధి. నిద్రలోనే విశేషబలము పుట్టించి రౌద్రమైన పనులు చేయించునదిగా దానిని వర్ణించినారు. మంచము మీదనే కన్నులు మూసికొని కలలో పోరాడుటయు, నిద్రలో లేచి తిరిగి ఘోరకార్యము చేయుటయు వైద్యుల దృష్టిలో వేరువేరు వ్యాధులు. ఆ రెండవదియే స్త్యానగృద్ధికి ఎక్కువ దగ్గర. ఎట్లైనను, నిద్రించువాని చేయి లేచి కొట్టగలదను సంగతి ప్రాచీనులకు క్రొత్త కాదు. ఆ స్థితిని కర్మోదయముగా ఎంచిరే గాని అది లేదని త్రోసివేయలేదు.

అయినచో నిద్రలోని దెబ్బకు పూర్తి దోషము ఉన్నట్లేనా? ఉమాస్వాతియే దీనికి దారి చూపినాడు. భావము తీవ్రమా, మందమా, తెలిసి చేసినదా, తెలియక చేసినదా అనువానిని బట్టి కర్మాస్రవములో భేదము కలుగునని ఆయన చెప్పినాడు. అన్ని బాకీలు ఒక్క వడ్డీతో పెరుగవు. తెలియక పడిన పద్దు వేరు, తెలిసి వ్రాసిన దొంగలెక్క వేరు.

మేలుకొన్నవాని మనస్సు ఎంతటి యుద్ధము చేయగలదో ప్రసన్నచంద్ర రాజర్షి కథ తెలుపుచున్నది. ఆయన రాజ్యము విడిచి, రాజగృహము వెలుపల ఎండలో చేతులెత్తి కదలక నిలిచి తపము చేయుచుండెను. దారిన పోవు ఒక సైనికుడు, ఈయన బాలుడైన కుమారుని మంత్రులు రాజ్యభ్రష్టుని చేయబోవుచున్నారని పలికెను. ఆ మాట చెవిని పడగానే రాజర్షి మనస్సులోనే మంత్రులతో యుద్ధము ప్రారంభించెను. శరీరము స్తంభము వలె నిలిచి యుండెను. లోపల ఆయుధములన్నియు అయిపోయినవి. చివరకు తలమీది కిరీటము తీసి విసరవలెనని చేయి పైకి పోయెను. అక్కడ కిరీటము లేదు. జుట్టు తీసిన తల చేతికి తగిలెను. అంతట తానెవరో జ్ఞప్తికి వచ్చి పశ్చాత్తాపపడెను. ఆ యుద్ధసమయమున మరణించి యుండినచో సప్తమ నరకము ప్రాప్తించెడిదని మహావీరస్వామి శ్రేణిక మహారాజుతో చెప్పుచుండగనే, రాజర్షికి కేవలజ్ఞానము కలిగినదని కథ.

ఈ రాజర్షిని, విసాపూర్ వర్తకుని ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒకనికి శరీరము నిశ్చలము, మనస్సు రణరంగము. రెండవవానికి శరీరము రణరంగము, మేలుకొన్న మనస్సు అక్కడ లేనే లేదు. రాజర్షికి మేలుకొనుటయే మోక్షద్వారమైనది. తన తల మీద తన చేయి పడగానే తెలిసికొని ఆగినాడు. వర్తకుని చేయి పడినది భార్య చెంప మీద. అతడును మేలుకొన్నాడు. మేలుకొని ఏమి చేసినాడు? ఉపవసించినాడు, తలుపు మీద నేరము మోపిన మాటకు మౌనముగా ఒప్పుకొన్నాడు. అసలు దోషము ఇక్కడ ప్రారంభమగుచున్నది.

మొదటి రాత్రి దెబ్బ తెలియక పడినది. రెండవ రాత్రి అదే మంచము, అదే ప్రక్క, తలవైపున అదే దుడ్డుకర్ర ఉండగా పడిన దెబ్బ పూర్తిగా తెలియనిది కాదు. నిద్రలోని చేయి అతని అధీనములో లేదు గాని, పడుకొనుటకు ముందు పక్క ఎక్కడ వేయవలెనో అతని అధీనములోనే యున్నది. గుమాస్తా ఒకసారి తప్పు తూచినచో అది గుమాస్తా పొరపాటు. త్రాసు చెడినదని తెలిసిన పిమ్మటను షావుకారు దానితోనే సరకు తూయించినచో అది షావుకారు దోషము. వర్తకులకు ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

న్యాయస్థానము కూడ ఒకసారి ఈ మార్గమునే త్రొక్కినది. 1878లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున సైమన్ ఫ్రేజర్ అనువాడు నిద్రావస్థలో లేచి, క్రూరమృగము వచ్చినదని భ్రమించి, తన పసిబిడ్డనే చంపివైచినాడు. అతనికి ఆ సమయమున తెలివి లేదని జూరీ నిర్ణయించి బాధ్యుని చేయలేదు. కాని అటుపై ఒంటరిగా నిద్రించెదనని అతనిచేత మాట తీసికొని విడిచిపెట్టినారు. గడచిన దానికి శిక్ష లేదు. రాబోవు రాత్రులకు నియమము కలదు.

పుణ్యము విషయమునను లెక్క ఇట్లే యుండును. విసాపూరు నుండి చంద్రపూరు దాటి నాగపూరు పోవు దారిలో భద్రావతి తీర్థము కలదు. అక్కడి పార్శ్వనాథునికి స్వప్నదేవుడని పేరు. గత శతాబ్ది తొలినాళ్లలో మరియొక తీర్థమును నడుపుచున్న భక్తునికి కలలో ఈ క్షేత్రపు జాడ తెలిసెననియు, అతడు వెదకికొనుచు వచ్చి అడవిలో ప్రతిమను దర్శించెననియు ఐతిహ్యము. ఆ భక్తుడు కల కని ప్రక్కకు తిరిగి పడుకొని యుండినచో ఆ తీర్థమునకు పునరుద్ధరణ జరిగెడిది కాదు. కల అతనికి వచ్చినది. లేచి నడచుట అతడు చేసినది. మంచి కలకు పుణ్యము లేచి నడచినందున వచ్చినచో, చెడ్డ కలకు పాపము లేచియు కదలకున్నందున వచ్చుటలో వింత లేదు.

కావున ఇట్టి గృహస్థుడు చేయవలసినదేమి? ప్రాతఃకాలమున చేయు రాత్రి ప్రతిక్రమణములో దుస్స్వప్నములకై కాయోత్సర్గము కలదు. నిద్రలో ప్రక్కకు పొరలుట, కాలు చేయి చాచుట, స్వప్నములోని కలవరపాటు - వీనికి సహితము సాధువులు ప్రతిక్రమణము చేయుదురు. ఆ చిన్న బాకీ అక్కడ తీరును. కాని ప్రతిక్రమణమనగా వెనుకకు మరలుట. మరల అదే చోటికి పోవుట కాదు. ఉపవాసము చేసి, అదే మంచము మీద అదే విధముగా పడుకొనువాడు వెనుకకు మరలినవాడు కాడు.

మొదట సత్యము చెప్పవలెను. తలుపు తగిలినదను మాట ఆ ఇంట ఆగిపోవలెను. భార్యను క్షమాపణ కోరుట సంవత్సరి దినమునకు వాయిదా వేయరాదు. వ్యాధి నయమగువరకు పక్కలు వేరు చేయవలెను. నేల మీద పరుపు వేసికొనుట మంచిది. దగ్గర గాజు సామాను, కర్ర, కత్తి ఉంచరాదు. తరువాత నరముల వైద్యునికి చూపవలెను. రాత్రి అంతయు నిద్రను యంత్రములతో పరీక్షించి వ్యాధిని నిర్ధారించుదురు. మెలటోనిన్, క్లోనజెపామ్ అను మందులను వైద్యులు వాడుదురు. మనోవ్యాధులకు వాడు కొన్ని మందులే దీనిని రేపుటయు కలదు గనుక వాడుచున్న మందులన్నియు చెప్పవలెను. గొట్టపుమాత్రల తొడుగులో జంతుపదార్థము ఉన్నదేమోయను శంక గలవారు వైద్యుని అడిగి వేరు రూపములో తీసికొనవచ్చును; ఆ శంకతో వైద్యమే మానుట తగదు.

వైద్యునికి చూపుటకు మరియొక కారణము కలదు. అనేక దేశముల వైద్యులు కలిసి 1280 మంది రోగులను గమనించి 2019లో ఒక పరిశీలన ప్రకటించినారు. ఈ నిద్రావ్యాధి గలవారిలో 12 సంవత్సరములలో నూటికి సుమారు 73 మందికి పార్కిన్సన్ అను వణుకు వ్యాధి గాని, దానికి సంబంధించిన మతిమరుపు వంటి వ్యాధి గాని రావచ్చునని అందులో అంచనా వేసినారు. దీనిని ఆపు మందు ఇంకను లభింపలేదు. అయినను ముందుగా తెలిసినచో కొట్టు లెక్కలు, ఆస్తి పంపకములు, ధర్మకార్యములు తెలివి యుండగనే చక్కబెట్టుకొనవచ్చును. సిగ్గుపడి దాచినవానికి ఆ అవకాశము కూడ పోవును.

నిద్రించువాడు తన చేతికి కర్త కాడు. మేలుకొన్నవాడు తన మౌనమునకు కర్త. విసాపూర్ వర్తకుడు ఉపవాసమునకు పారణ చేసి, కోడలిని పిలిచి, "మీ అత్తగారికి తగిలింది తలుపు కాదమ్మా, నా చెయ్యి. అబ్బాయితో చెప్పి రేపు డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మను" అని చెప్పిననాడు అతని అహింసావ్రతము నిలిచినట్లే. ఆ రాత్రి కలలో దొంగలు మరల రావచ్చును. వచ్చినను, అతని చేయి అందు దూరములో ఎవరును ఉండరు.