నిందార్హత

ఆంగ్లభాషలో 'కల్పబుల్' అను పదమునకు నిఘంటువులు 'నిందింపదగిన' అని అర్థము చెప్పుచున్నవి. నిందింపబడినవాడు వేఱు, నిందింపదగినవాడు వేఱు. లోకము నిరపరాధిని నిందింపవచ్చును. అపరాధి ఎవరిచేతను మాటపడక తిరుగవచ్చును. ఈ పదము లోకుల నోటిని చూడదు. జరిగిన కార్యములో కర్త పాలెంత యని మాత్రమే అడుగును.

దీనికి మూలము లాటినులోని 'కుల్ప'. రోమను ధర్మవేత్తలు బుద్ధిపూర్వకమైన ద్రోహమును 'డోలుస్' అనియు, వహింపవలసిన జాగ్రత్తను వహింపకపోవుటను 'కుల్ప' అనియు వేఱుపఱచిరి. విచిత్రమేమన, 1860 నాటి భారత శిక్షాస్మృతి 299వ సెక్షనులో ఈ విశేషణమును నరహత్యకు చేర్చి, దానికి దురుద్దేశమో, చావు సంభవించునను ఎఱుకయో ఉండవలెనన్నది. అజాగ్రత్తచే కలిగిన మరణమునకు 1870లో 304-ఎ అను వేఱు స్థానమేర్పడెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు 100, 106 సెక్షనులలో ఈ విభాగమునే నిలిపినది. న్యాయస్థానమునకు ఇట్టి గీత కావలసినదే. అంతరాత్మకు అది చాలదు.

మాండవ్యుడు పసితనమున పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చెను. అందులకు ఫలముగా పెద్దవాడై కొఱత ననుభవించెను. కార్యము నిజము, కర్తయు అతడే. అయినను అతడు ధర్ముని నిలదీసి, పదునాలుగేండ్ల లోపల చేసినది పాతకము కాదని కట్టడి చేసెను. తూచుట తెలియని ధర్ముడే శాపమునకు పాత్రుడై విదురుడుగా పుట్టవలసి వచ్చెను!

దశరథుని విషయము ఇంత సులభము కాదు. యువరాజుగా నున్నపుడు సరయూతీరమున చీకటిలో కుండ నిండు చప్పుడును విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. మునికుమారుడు కూలెను. చంపు తలంపు లేదు, మనుష్యుడున్నాడను ఎఱుకయు లేదు. మఱి దోషమెక్కడ? ఏటికి నీళ్లకై మనుష్యులును వత్తురని ఆయన ఎఱుగనిదా? చూడకయే కొట్టగలనను గర్వము చూడవలసిన కర్తవ్యమును మింగినది. తెలియకపోవుట యొకటి, తెలిసికొనకపోవుట మఱియొకటి. చదువక చేవ్రాలు చేసిన అధికారియు, ఆ కాగితముచే ఒక కుటుంబము వీధిని పడినపుడు, 'నాకు తెలియదు' అనియే చెప్పును. ఆ మాట అబద్ధము కాదు. కాని అది సమాధానమును కాదు. గ్రుడ్డితండ్రి ఈ రెంటిని తూచియే పలికెను. తెలియక చేసినందుననే బ్రదికియున్నావనెను. పుత్రశోకముతో మరణింతువనియు శపించెను.

తెలుగున 'తప్పు' అను మాట లెక్కలోని పొరపాటునకును, ఘోరాపరాధమునకును ఒక్కటే. కనుకనే 'తప్పు జరిగినది' అని కర్తను వాక్యము నుండి మెల్లగా తప్పించుట మనకు సులభము. దశరథుడట్లు తప్పించుకొనలేదు. రాముడు అడవికేగిన ఆఱవనాటి రాత్రి కౌసల్యకు ఆ వృత్తాంతము చెప్పుచు, చీకటిని గాని కుండ చప్పుడును గాని దూఱక, శబ్దవేధి యను తన ఖ్యాతినే దూఱుకొనెను. ఆ రాత్రియే ఆయన ప్రాణము విడిచెను.