ఇసుకలో సమ్యక్ వ్యాయామం

కష్టపడటం ఎప్పుడూ మంచిదేనా? కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలం కాబట్టి ఈ ప్రశ్న మనకు వింతగా ఉంటుంది. ఇంకా గట్టిగా కష్టపడు అనే మాట తప్ప మనం వేరే మాట వినలేదు. కానీ అష్టాంగ మార్గంలో భగవాన్ బుద్ధుడు ఉత్త వ్యాయామం అనలేదు, సమ్యక్ వ్యాయామం అన్నాడు. ఆ 'సమ్యక్' ఎందుకు చేర్చాడో గల్ఫ్ ఎడారిలో పికప్ నడిపే మన డ్రైవర్లకు బాగా తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, అటు కడప, గోదావరి జిల్లాల నుంచి పోయినవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఎడారి లోపలి మందలకు నీళ్లు, మేత చేరేది ఆ పికప్‌ల మీదే.

తారు రోడ్డు మీద 35 పీఎస్ఐ దగ్గర ఉండే గాలిని ఇసుకలోకి దిగేముందు 15, 18 దాకా తీసేస్తారు. కొత్తగా పోయినవాడు, గాలి తీస్తే బండి బలం పోదా అని అడుగుతడు. పోదు. టైరు మెత్తబడి పొడుగ్గా పరుచుకుంటది. అదే బరువు ఎక్కువ నేల మీద పడుతది కాబట్టి ఇసుక మోస్తది. గాలి నిండిన గట్టి టైరు కోసుకుంటూ కిందికి దిగిపోతది. ఇక బయల్దేరినాక ఒకే ఊపుతో పోవాలి. ఆగక తప్పదంటే, బ్రేకు తొక్కకుండా కాలు తీసి దానంతటదే ఆగనివ్వాలి, అదీ ముందు పల్లం ఉన్నచోట. బ్రేకు కొడితే టైర్ల ముందు ఇసుక కుప్ప పడుతది.

ఇంత చేసినా దిగబడే రోజు వస్తది. బండి కదలకుండా చక్రం ఒక్కచోటే తిరుగుతోందని తెలిసిన క్షణంలోనే కాలు తీసేయాలి. మనిషి ఓడిపోయేది ఇక్కడే. రేస్ పెంచుతడు. ఇంజను అరుస్తది, ఇసుక వెనక్కి చిమ్ముతది, చూసేవాళ్లకు పెద్ద పోరాటమే జరుగుతున్నట్టుంటది. చక్రం మాత్రం తన గొయ్యి తానే తవ్వుకుంటోంది. కాసేపటికి బండి పొట్ట ఇసుకకు ఆనుతది, అప్పుడు ఎంత రేస్ ఇచ్చినా దండగే. తెలిసినవాడు కిందికి దిగి, పారతో టైర్ల చుట్టూ ఇసుక తీసి, ఇంకాస్త గాలి తగ్గించి, తాను వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి వస్తడు. నుదుటి రాత అని కూర్చోడు, ఇసుకను తిట్టడు. గాలి, బరువు, వేగం: కారణం ఈ మూడింట్లోనే ఎక్కడో ఉంటది, వెతుకుతడు.

సంయుత్త నికాయం మొదటి సుత్తంలో, వరదను ఎలా దాటావని బుద్ధుణ్ణి ఒకరు అడుగుతారు. (అడిగింది దేవత అని అక్కడ ఉంది, మనకు ప్రశ్న చాలు.) ఆగిపోతే మునక, పెనుగులాడితే కొట్టుకుపోవడం, ఈ రెండూ లేకుండా దాటానని ఆయన జవాబు సారాంశం. ఎడారి డ్రైవరుకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆటోమేటిక్ బండితో ఇంకో చిక్కు ఉంది. గేరు అదే మార్చుకుంటది, కానీ దాని తెలివి తారు రోడ్డు తెలివి. కాలు కొంచెం సడలిస్తే పై గేరులోకి పోయి, కావలసిన చోటనే ఊపు చంపేస్తది. చక్రం జారిందని ఇంజను బలాన్ని కోసేసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా అంతే. అందుకే దాన్ని ఆపేసి, గేరును చేత్తో కింది గేరులోనే పట్టి ఉంచుతారు. మన మనసు కూడా ఇలాంటి ఆటోమేటిక్ బండే. దొర కనబడగానే చేతులు వాటంతటవే జోడించుకునేవి, కాళ్లు వాటంతటవే పక్కకు జరిగేవి. దీక్ష తీసుకున్నంత మాత్రాన ఆ గేరుపెట్టె మారదు. చెయ్యి దాని మీద ఉంచాలి. సమ్యక్ స్మృతి అంటే అదే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. గల్ఫ్‌లో ఉండి బాబాసాహెబ్‌ను చదివి, సెలవుకు వచ్చి దీక్ష తీసుకునే తమ్ముళ్లు ఉన్నారు. మెచ్చుకోవాల్సిన ఉత్సాహం. కానీ చేతిలో రెండు నెలలే. ఆ రెండు నెలల్లోనే గోడ మీది పటాలన్నీ దిగాలి, అమ్మ బోనం మానాలి, అక్క ఇంటి పండుగకు ఎవరూ పోవద్దు. ఇంట్లో అరుపులు, ఏడుపులు. తమ్ముడు విమానం ఎక్కగానే పటాలు మళ్లీ గోడెక్కుతాయి. అమ్మ మాత్రం బుద్ధ విహారం గడప ఇక తొక్కదు. ఇది రేస్ ఇచ్చిన బండి కాదా?

'అంటే మెత్తబడమంటారా? వేల ఏళ్లు మెత్తగానే ఉన్నాం' అని కొందరు అంటారు. న్యాయమైన మాటే. కానీ గాలి తీసినప్పుడు బండి బరువు తగ్గిందా, ఇంజను తగ్గిందా? నేలను పట్టుకునే చోటు పెరిగింది. పైగా 22 ప్రతిజ్ఞలు చూడండి: ప్రతి ఒక్కటీ 'నేను' అనే చెబుతుంది. అమ్మ చేత మాన్పిస్తానని ఒక్కటీ లేదు. గాలి తీయడానికీ హద్దు ఉంది. మరీ తీస్తే టైరు రిమ్ము నుంచే ఊడిపోతది. బిడ్డను జోగినిగా ముడుపు కడతామంటే అక్కడ మెత్తదనం లేదు, 1988 నుంచి దానికి చట్టమే ఉంది. జబ్బుపడ్డ పిల్లను ఆసుపత్రికి కాకుండా మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతుంటే అడ్డం నిలబడాల్సిందే. బోనం కుండ ఆ కోవలోది కాదని నా అభిప్రాయం. కాదనేవాళ్లతో వాదనకు సిద్ధం.

బాబాసాహెబ్ హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935లో. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్లు. ఆ 21 ఏళ్లూ ఆయన ఆగలేదు. చదివాడు, మతాలన్నీ తూచాడు, జనాన్ని సిద్ధం చేశాడు. కదిలినప్పుడు లక్షల మంది వెంట కదిలారు. సెలవు రెండు నెలలే ఉన్న తమ్ముడు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పటం దించే ముందు అమ్మ పక్కన కూర్చొని, ఎల్లమ్మకు ఏమని మొక్కుతున్నావమ్మా అని అడగండి. చాలా ఇళ్లలో ఆమె మొక్కు ఒక్కటే: ఎడారిలో బండి నడిపే కొడుకు క్షేమంగా ఇంటికి రావాలని.