సాక్ష్యం లేని వారసత్వం

హ్యారియెట్ పవర్స్ (1837–1910) అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. విముక్తి తర్వాత ఆమె కుట్టిన రెండు బొంతలు నేటికీ నిలిచాయి: ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో, మరొకటి బోస్టన్ లలితకళల మ్యూజియంలో. గుడ్డముక్కలను మనుషులుగా, జంతువులుగా కత్తిరించి, వేరే గుడ్డ మీద అతికి కుట్టి, బొంత గడుల్లో బైబిలు కథలు చెప్పిందామె. తాను పుట్టకముందు, 1833లో కురిసిన ఉల్కల వానను కూడా దేవుడి కార్యాల వరసలో చేర్చుకుంది. ఈ పనితనానికీ పశ్చిమాఫ్రికాలోని దహోమీ రాజ్యపు గుడ్డబొమ్మలకూ దగ్గర పోలిక ఉందని కళాచరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. డబ్బుకు ఇబ్బందై 1891లో మొదటి బొంతను ఐదు డాలర్లకు అమ్ముకున్నప్పుడు, కొన్న జెన్నీ స్మిత్‌కు పవర్స్ ఒక్కో గడినీ వివరించింది. అందులో బైబిలు ఉంది, ఆఫ్రికా ప్రస్తావన లేదు. తాను పేరెత్తని వారసత్వాన్ని ఒక మనిషికి అంటగట్టవచ్చా? పైగా దహోమీ నుంచి ఆమె గుమ్మం దాకా దారి చూపే కాగితమేదీ లేదు. నిజమే, కనుక పోలికను పోలికగానే ఉంచాలి. కానీ ఆ కాగితం ఎందుకు లేదో కూడా అడగాలి. 1850, 1860 జనగణనల బానిస జాబితాల్లో యజమాని పేరుంది. బానిసలకు దాదాపు అంతటా వయసు, లింగం, రంగు మాత్రమే ఉన్నాయి. పేర్లే రాయనివారి సంతానాన్ని ఆధారాలు చూపమనడం అన్యాయం. అందుకే వారసత్వాన్ని దస్తావేజుతో తేల్చే హక్కుగా కాక, పోయినవారి పట్ల బతికున్నవారు తలకెత్తుకునే బాధ్యతగా చూడాలంటాను.

నల్లజాతి అమెరికన్ కళాకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1980లలో మొదలుపెట్టిన కథల బొంతలు ఆ బాధ్యతకు రూపం. బానిసత్వంలో బొంతలు కుట్టిన పూర్వీకురాలి పనిని తల్లి విల్లీ పోసీ ద్వారా అందుకుందామె. ఆఫ్రికా ముసుగులు చూసి తానూ ముసుగులు చేసింది. అయితే గుడ్డ అంచు కట్టి చిత్రం వేసే పద్ధతిని ఆమ్‌స్టర్‌డామ్‌లో చూసిన టిబెట్ తంగ్‌కా చిత్రపటాల నుంచి తీసుకుంది. ఇది కల్తీ వారసత్వమంటే ఒప్పుకోలేను. ఎన్నో జాతులవారిని ఒకే తోటలో కలిపేసిన చరిత్రలో, స్వచ్ఛమైనది ఎవరికి మిగిలింది? పవర్స్ కూడా యజమానులు నమ్మిన గ్రంథాన్నే తనదిగా చేసుకుని, తనకు తోచినవి అందులో కలుపుకుంది. బోస్టన్ బొంతలో దేవుణ్ణి ఎరగక నిత్యశిక్షకు పోయిన ధనికులున్న గడిలోనే, జార్జియా నుంచి వర్జీనియాకు 500 మైళ్లు స్వేచ్ఛగా పరుగెత్తిన బెట్స్ అనే ఆడపంది ఉంది. బైబిల్లో ఎక్కడా లేని ఆ బెట్స్‌కు ఆమె సిలువ ఉన్న బొంతలోనే చోటిచ్చింది.