రంపాన్ని గాజుతో చేస్తారా?



ఫోను కొనబోయేవారు ఈ రోజుల్లో దుకాణంలో తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "దీని బాడీ దేనితో చేశారు? ప్లాస్టిక్కా, అల్యూమినియమా, గాజా, టైటానియమా?" అని. ఇది బజారు విషయం, దీనితో విశ్వాసులకేమి పని అని మీరనవచ్చు. కాని ఒక వస్తువుకు ఏ పదార్థం తగినది అన్న ప్రశ్నను మన శ్రీసభ వేదపండితులు ఏడు వందల ఏళ్ల క్రితమే ఆలోచించారు. పైగా మన ఇళ్లలో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య నేడు తగవు పెడుతున్న వస్తువులలో ఫోను ఒకటి. కనుక ఈ వారం దీనిని గూర్చి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

13వ శతాబ్దంలో జీవించిన పునీత తోమాసు అక్వీనాసుగారు తమ 'సుమ్మా థియొలోజియే' గ్రంథంలో, దేవుడు మానవ శరీరాన్ని తగిన రీతిలోనే రూపొందించాడా అని ప్రశ్నించుకొన్నారు. జంతువులకు కొమ్ములున్నాయి, వాడిగోళ్లున్నాయి, ఒంటిని కప్పే బొచ్చుంది. మనిషికి ఇవేవీ లేవు. ఇది లోపం కాదా? జవాబు చెప్పడానికి వారు ఒక రంపాన్ని ఉదాహరణగా తీసుకొన్నారు. పనివాడు రంపాన్ని ఇనుముతో చేస్తాడు. గాజు అంతకంటె అందమైనదే, అయినా గాజుతో చేయడు. ఆ అందమే కోత పనికి అడ్డు వస్తుంది గనుక. అలాగే దేవుడు మనిషికి కొమ్ములకు బదులు బుద్ధినీ, చేతులనూ ఇచ్చాడు. మనిషి చేయవలసిన పనులకు అవే తగినవి. దీనిలోని సూత్రం సులభమైనది: పదార్థాలన్నింటిలో గొప్పది ఏదని కాదు, ఈ పనికి తగినది ఏదని అడగాలి.

ఈ సూత్రాన్ని చేతిలోని ఫోనుకు పెట్టి చూద్దాం. 2003లో వచ్చిన నోకియా 1100 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒళ్లంతా ప్లాస్టిక్కే, నెత్తిన చిన్న టార్చిలైటు. చేయి జారితే మూత ఒక పక్కకు, బ్యాటరీ ఒక పక్కకు పోయేవి. ఏరి పెట్టుకొంటే మళ్లీ మోగేది. తరువాత అల్యూమినియం ఫోన్లు వచ్చాయి. లోహం గట్టిదే గాని రేడియో తరంగాలను అడ్డుకొంటుంది. అందుకే ఆ ఫోన్ల ఒంటి మీద అక్కడక్కడ ప్లాస్టిక్ గీతలుంటాయి. సిగ్నలుకు దారి అదే. వైరు లేని చార్జింగు ప్రచారంలోకి వచ్చాక, 2017 ప్రాంతం నుండి అనేక ఖరీదైన ఫోన్లకు వెనుక వైపు కూడా గాజు పెట్టసాగారు. లోహపు వీపు అటువంటి చార్జింగును సాగనివ్వదు. ఈ గాజును కరిగిన పొటాషియం లవణంలో ఉంచి గట్టిపరుస్తారు. అందువల్ల గీతలు తక్కువ పడతాయి. కాని గాజు గాజే. అంచు మీద రాతికి తగిలితే పగిలే భయం పోదు.

అప్పుడు మనమేం చేస్తున్నాం? వేలకు వేలు పోసి గాజు ఫోను కొని, దుకాణం మెట్లు దిగకముందే దానికి వంద రూపాయల బ్యాక్ కవరు తొడుగుతున్నాం. ఇక ఆ గాజును మన వేళ్లు తాకవు. చేతికి తగిలేది మళ్లీ ప్లాస్టిక్కే! అందానికి ఒకసారి డబ్బు చెల్లించి, ఆ అందాన్ని దాచడానికి మరోసారి చెల్లిస్తున్నాం. తోమాసుగారు చెప్పిన గాజు రంపం ఇదే.

మన తీరంలోని పెద్దలకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. పూర్వం తూర్పు కోస్తాలో మసూలా పడవల పలకలను మేకులతో బిగించక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ చూడడానికి గట్టిది. ఒడ్డున విరిగే కెరటానికి పగిలేది మాత్రం అదే. కుట్టిన పడవ కొంచెం వంగుతుంది, అందుకే నిలుస్తుంది. తరువాత ఫైబరు పడవలు వచ్చాయి. అవి చెక్కలా కుళ్లవు. చిల్లు పడితే ఒడ్డునే అతుకు వేసుకోవచ్చు. కళింగపట్నంలో వేటకు వెళ్లే మనిషి పడవను చూచి ఎంత మెరుస్తున్నదని అడగడు. కెరటానికి ఆగుతుందా, పాడైతే బాగుచేసుకోగలమా అని అడుగుతాడు. ఫోను కొనేటప్పుడూ ఆ రెండు ప్రశ్నలే అడగాలి.

సముద్రం మీదికి వెళ్లే సోదరులకు ఇక్కడొక మాట. నీటిలో పడినా ఏమీ కాదని ఫోను పెట్టె మీద ఐపీ 68 అని రాసి ఉంటుంది. ఆ రక్షణ పైనున్న ఖరీదైన లోహం వల్ల వచ్చేది కాదు. లోపలి రబ్బరు సీళ్లు, జిగురు వల్ల వచ్చేది. పాతబడే కొద్దీ అవి బలహీనపడతాయి. పైగా ఆ పరీక్షలు జరిపేది మంచినీటిలో, మనది ఉప్పునీరు. కనుక టైటానియం అంచు కంటె, మూతి గట్టిగా బిగిసే ఒక ప్లాస్టిక్ సంచి మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

అయితే అందం కోరుకోవడం తప్పా? కాదు. బెతానియాలో మరియ ప్రభువు పాదాలకు పరిమళ తైలం పూసినప్పుడు దాని ధర లెక్కకట్టినవాడు యూదా. చౌకదనమే పుణ్యమని ప్రభువు మనకు నేర్పలేదు. శ్రీసభ కూడా పూజపాత్రను విలువైన లోహంతోనే చేయమంటుంది. కాని ఆ నియమాన్ని గమనించండి. గాజు, మట్టి వంటి సులభంగా పగిలిపోయేవి పూజపాత్రకు పనికిరావని 2004లో రోము నుండి వెలువడిన ఆదేశపత్రం చెప్పింది. తక్కువ లోహంతో చేస్తే బంగారు పూత పాత్ర లోపలి భాగాన ఉండాలి. ఎందుకు లోపల? ఆ బంగారం చూచేవారి కళ్ల కోసం కాదు, పాత్రలోకి వచ్చేవారి గౌరవం కోసం. మన ఫోనుకు విలువ తెచ్చేది కూడా దానిలోకి వచ్చేదే: దూరదేశంలో పని చేస్తున్న కొడుకు గొంతు, తుఫాను హెచ్చరిక, ఆసుపత్రి నుండి వచ్చే కబురు.

ఇక టైటానియం సంగతి. 1791లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే ఆంగ్లికన్ గురువు ఒక వాగులోని నల్ల ఇసుకను పరీక్షించి ఈ లోహం జాడ కనుగొన్నారు. ఆ నల్ల ఇసుకే ఇల్మనైటు. కళింగపట్నం నుండి భావనపాడు వరకు మన తీరపు ఇసుకలోనూ అది ఉంది. గార మండలంలోని వత్సవలస వద్ద ఈ ఖనిజాల కోసం తవ్వకాలు జరిగిన సంగతి మీకు తెలుసు. మన ఇసుక ఫలానా ఫోనులోకి వెళ్లిందని నేననడం లేదు. లోకంలో తవ్వే ఇల్మనైటులో చాలా భాగం రంగులలో కలిపే తెల్లపొడికే పోతుంది. నేననేది ఒక్కటే: ప్రతి లోహానికీ ఒక ఊరుంది. అల్యూమినియానికి మూలమైన బాక్సైటు మన తూర్పు కనుమల్లో ఉంది. విశాఖ మన్యంలో దాని తవ్వకాన్ని గిరిజనులు ఏళ్ల తరబడి ఎదిరించారు. షెడ్యూల్డు ప్రాంతపు భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన ఫోను ఒంటి మీద ఎవరిదో కొండ ఉంది, ఎవరిదో తీరం ఉంది.

అలాగని ఫోను లేకుండా బతకమని ఎవరికి చెప్పగలం? కాని తీసుకొన్నదాన్ని పాడు చేయకుండా ఎక్కువ కాలం వాడగలం. మన జిల్లాలోని బుడితి పనివారు చేసిన ఇత్తడి బిందెను చూడండి. సొట్ట పడితే సరిచేస్తారు, అరిగిపోతే కరిగించి మరొకటి చేస్తారు. తల్లి వాడినది కోడలికి వస్తుంది. అల్యూమినియమూ అటువంటిదే, పాతదాన్ని కరిగించడానికి, ఖనిజం నుండి కొత్తగా తీయడానికి పట్టే విద్యుత్తులో సుమారు 20వ వంతు చాలు. పారేసే సంస్కృతిని గూర్చి దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు 2015లో తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో మనలను హెచ్చరించారు. రెండేళ్లకే పారేసిన టైటానియం కంటె, ఆరేళ్లు వాడిన ప్లాస్టిక్కు గౌరవనీయమైనది.

'శ్రేష్ఠం' అన్న మాట ఎంత కాలం నిలుస్తుందో కూడా చూడండి. ఆపిల్ సంస్థ 2023లో ఐఫోన్ 15 ప్రోకు టైటానియం చట్రం తొడిగి దానినే గొప్పగా చెప్పింది. 2025లో ఐఫోన్ 17 ప్రోకు వచ్చేసరికి, వేడిని బయటికి పంపడంలో మేలని మళ్లీ అల్యూమినియానికి మారింది. రెండేళ్ల వాయిదాల మీద టైటానియం కొన్న యువకుడి అప్పు తీరే నాటికి ఆ గొప్పతనం తీరిపోయింది. మన మత్స్యకార కుటుంబాలలో ఆ వాయిదా భారం మోసేది తండ్రే. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. వాయిదాకు మాత్రం నిషేధం లేదు.

ప్రియ యువతీ యువకులారా, వేలికున్న బంగారు ఉంగరాన్ని చూచి పెద్దపీట వేసే సంఘాన్ని పునీత యాకోబుగారు తమ లేఖలో గట్టిగా మందలించారు. నేడు ఉంగరం స్థానంలో ఫోను వచ్చింది. తోటివాడి చేతిలోని ఫోనును బట్టి అతనికి మర్యాద ఇస్తే, ఆ మందలింపు మనకే తగులుతుంది. తల్లిదండ్రులారా, మీరు కూడా పిల్లల కోరికను 'పనికిమాలిన సోకు' అని కొట్టివేయకండి. వారితో కూర్చొని అడగండి: ఇది ఏ పనికి? పగిలితే మన ఊళ్లో బాగుచేస్తారా? ఎన్నేళ్లు వాడతావు? దీని వాయిదా ఎవరి చెమటతో తీరుతుంది? ఈ నాలుగింటికి నిజాయితీగా జవాబు చెప్పుకొన్నాక కొన్న ఫోను ప్లాస్టిక్కుదైనా, లోహానిదైనా, ఆ ఇంటికి తగినదే. సర్వలోకంలో ఉన్న బంగారమంతా తన చేతిలో ఉండగా మనలను మట్టితో చేసిన దేవుడు, తగిన దాన్ని ఎంచుకొనే వివేకాన్ని మన కుటుంబాలకు దయచేయునుగాక.